అపార్థమే అడ్డంకిగా: తెలుగు పత్రికల ప్రేమకథ – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: తెలుగు వార, మాస పత్రికలలో దశాబ్దాలుగా వెలువడిన చిన్న ప్రేమకథను సాహిత్య విమర్శ కాలక్షేప రచనగా భావించి పక్కన పెట్టింది. ఆ కథలలోని ప్రేమను గాక ప్రేమకు ఎదురయ్యే అడ్డంకిని పరిశీలించినప్పుడే వాటి స్వభావం బోధపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కులం, కట్నం, ఆస్తి వంటి ఆటంకాలు ఉండవలసిన చోట అపార్థం ఎలా వచ్చి కూర్చుందో, దానివల్ల కథకు కలిగిన లాభనష్టాలేమిటో గురజాడ, మునిమాణిక్యం, చాసో రచనలతో పోల్చి చర్చిస్తుంది.

కీలక పదాలు: పత్రికా కథ, ప్రేమకథ, అపార్థం, కొసమెరుపు, మేనరికం, వర్గీకరణ.

1. ప్రస్తావన

తెలుగు కథాచరిత్ర రాసినవారు ప్రేమను గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు చలం దగ్గర ఆగుతారు. బుచ్చిబాబు దగ్గర మరికొంతసేపు నిలుస్తారు. ఆ తరువాతి వేలకొద్దీ కథలను 'పత్రికల ప్రేమకథలు' అన్న ఒక్క మాటతో మూటగట్టి అటక మీదికి ఎక్కిస్తారు. 1908లో బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక, 1928లో మద్రాసులో మొదలైన గృహలక్ష్మి, ఆ తరువాతి ఆంధ్రప్రభ, యువ, జ్యోతి, 1970లో మాసపత్రికగా ఆరంభమై 1984 నుండి వారపత్రికగా కూడా వెలువడిన స్వాతి వంటివి తెలుగు పాఠకునికి ప్రేమను గురించి ఊహించుకోవడానికి కావలసిన భాషను సమకూర్చాయి. ప్రేమలేఖ రాయవలసి వచ్చిన యువకుడు ప్రబంధాన్ని తెరవలేదు. పక్కింటి నుండి వచ్చిన వారపత్రికనే తెరిచాడు. అంతటి ప్రభావం గల రచనను చదవకుండానే తీర్పు చెప్పడం విమర్శకు శోభనివ్వదు.

అలాగని ఈ కథలన్నీ గొప్పవని వాదించడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. వీటిలో అధికభాగం బలహీనమైనవే. అయితే ఆ బలహీనతకు సాధారణంగా చెప్పే కారణాలు, అనగా అతిభావుకత, అందమైన నాయికానాయకులు, సుఖాంతం మొదలైనవి, సరైనవి కావని నా అభిప్రాయం. అతిభావుకత బుచ్చిబాబులోనూ లేకపోలేదు. సుఖాంతం ఆధునిక తెలుగు కథకు పునాదిగా చెప్పుకునే 'దిద్దుబాటు'లోనే ఉన్నది. లోపం మరొకచోట ఉన్నది.

2. బొమ్మ ముందే చెప్పిన కథ

వారపత్రికలో కథను పాఠకుడు మొదటి వాక్యంతో మొదలుపెట్టడు. బొమ్మతో మొదలుపెడతాడు. పుట పైభాగాన ఒక యువతి, ఒక యువకుడు, ఆమె చూపు ఒకవైపు, అతని చూపు మరొకవైపు. ఎవరు ఎవరిని చేరబోతున్నారో అప్పుడే తెలిసిపోతుంది. బాపు గీసిన స్త్రీమూర్తి తెలుగు నుడికారంలోనే ఒక ఉపమానమై నిలిచిపోయిన తరువాత రచయిత నాయికను వర్ణించే శ్రమ కూడా తగ్గింది. పెద్ద కళ్ళు, వాలుజడ, లంగావోణీ అన్న మూడు మాటలు చాలు, మిగిలినది చిత్రకారుడు పూరిస్తాడు. ఇది చిత్రకారుని దోషం కాదు. కానీ దీని పర్యవసానం ముఖ్యమైనది. జంట ఎవరన్నది ముందే తెలిసినందువల్ల కథలో ఉత్కంఠ అంతా ఒకే ప్రశ్న మీద ఆధారపడుతుంది: వారిని ఇంతవరకు కలవనీయనిది ఏమిటి? కనుక ప్రేమకథకు ఆయువుపట్టు ప్రేమ కాదు, అడ్డంకి.

ఈ అడ్డంకిని ఎక్కడి నుండి తెచ్చారన్నదే కథ విలువను నిర్ణయిస్తుంది. పత్రికల ప్రేమకథలో అది చాలా తరచుగా అపార్థం నుండి వస్తుంది. ఒక నమూనాను చూద్దాం. ఇది ఏ ఒక్క రచయితదీ కాదు, పలు కథల పోలికలను కలిపి అల్లినది. బ్యాంకులో పనిచేసే యువకుడు ఎదురింటి డాబాలో అద్దెకున్న అమ్మాయిని ఇష్టపడతాడు. ఆమెకూ ఇష్టమేనని ఒకటి రెండు చూపుల వల్ల తెలుస్తుంది. ఒక సాయంత్రం ఆమె ఎవరిదో స్కూటరు వెనుక కూర్చుని నవ్వుతూ వెళ్ళడం అతని కంటబడుతుంది. అతడు కుంగిపోతాడు, ఆమె పలకరించినా ముఖం తిప్పుకుంటాడు, చివరకు బదిలీకి దరఖాస్తు పెడతాడు. ప్రయాణమయ్యే రోజున ఆ స్కూటరు మనిషే శుభలేఖ పట్టుకుని వస్తాడు. అతడు ఆమె పెద్దమ్మ కొడుకు. కథ సమాప్తం.

ఈ కథను నాలుగు పుటలలో చెప్పవచ్చు. ఆ సౌలభ్యమే దాని రహస్యం. పత్రిక ఇచ్చే చోటు తక్కువ. కథల పోటీ ప్రకటనలో పుటల పరిమితి ఉంటుంది, రచన సొంతమేనన్న హామీపత్రం జతచేయాలన్న నిబంధన ఉంటుంది, అచ్చులో కనబడని మరొక నిబంధనగా కొసమెరుపు ఉంటుంది. చివరి వాక్యంలో తీరిపోగల చిక్కు మాత్రమే కొసమెరుపుకు పనికివస్తుంది. కులం చివరి వాక్యంలో తీరదు. కట్నం బాకీ తీరదు. అపార్థం తీరుతుంది. ఒక్క వాక్యంతో పుట్టి, ఒక్క వాక్యంతో చచ్చిపోయే చిక్కు ఇదొక్కటే.

పై నమూనాలో ఒక సూక్ష్మాన్ని గమనించాలి. స్కూటరు మీది యువకుడు పెద్దమ్మ కొడుకు కావడం యాదృచ్ఛికం కాదు. అతడే మేనత్త కొడుకో మేనమామ కొడుకో అయితే కథ ముగియదు, నాయకుని అనుమానం రెట్టింపవుతుంది. తెలుగు పాఠకుడు ఈ తేడాను ఎవరూ వివరించనక్కరలేకుండా గ్రహిస్తాడు. అంటే సమాజంతో సంబంధం లేనట్లు కనిపించే ఈ కథ లోపల మన బంధుత్వ వ్యవస్థ మొత్తం నిశ్శబ్దంగా పనిచేస్తూనే ఉన్నది. ఈ విషయానికి మళ్ళీ వస్తాను.

3. ఉత్తరం: గురజాడ నుండి వారపత్రిక దాకా

అపార్థం కథలకు ప్రధాన సాధనం ఉత్తరం. అది అందకపోవచ్చు, ఆలస్యం కావచ్చు, ఒకరికి రాసినది మరొకరి చేతిలో పడవచ్చు. తరువాతి కాలంలో ఈ పని టెలిఫోను చేసింది, ఇప్పుడు వాట్సప్ చేస్తున్నది. ఈ సాధనం కొత్తది కాదు. 1910లో ఆంధ్రభారతిలో వెలువడిన 'దిద్దుబాటు'ను ఈ దృష్టితో చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. రాత్రివేళ ఆలస్యంగా ఇల్లు చేరిన భర్త, కనిపించని భార్య, ఆమె విడిచివెళ్ళిన ఉత్తరం, పశ్చాత్తాపం, మంచం కింద నుండి వినిపించిన నవ్వు, సుఖాంతం. పత్రికల ప్రేమకథకు కావలసిన సరంజామా అంతా అప్పటికే సిద్ధంగా ఉన్నది.

తేడా ఉత్తరం చేసే పనిలో ఉన్నది. కమలిని రాసిన ఉత్తరం గోపాలరావును కంగారు పెట్టే ఉపాయం మాత్రమే కాదు. ఒక భార్య చదువుకున్నది కనుకనే ఆ ఉత్తరం సాధ్యమైంది. స్త్రీవిద్య మేలా కీడా అని జనం తర్కించుకుంటున్న రోజులలో, భర్తను దిద్దగలిగిన అక్షరంగా అది కనబడుతుంది. కథలోని చిక్కు, అంటే సానివాళ్ళ పాటకచ్చేరీల పట్ల చదువుకున్న మగవారి మోజు, ఇంటి బయట నుండి వచ్చింది. దానికి విరుగుడు ఇంటి లోపల తయారైంది. తరువాతి వారపత్రిక కథలో ఉత్తరం తపాలా శాఖ చేసిన ఆలస్యంగా మిగిలింది. అందులో ఏమి రాసి ఉందన్నది ప్రధానం కాదు, అందిందా లేదా అన్నదే ప్రధానం. కథన సాధనం ఒకటే అయినా దానిలోని అర్థభారం దిగిపోయింది.

4. ఇంటిపేరు లేని నాయిక

పత్రికల ప్రేమకథలో నాయికకు పేరు ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. సుధ, మాధవి, ప్రసన్న, స్వప్న. నాయకుడు రవి, లేదా శేఖర్. తెలుగువారి నిత్యజీవితంలో ఇది సంభవించని విషయం. పెళ్ళి మాట ఎత్తగానే మొదటి ప్రశ్న ఇంటిపేరు, రెండవది గోత్రం. కొన్ని సామాజిక వర్గాలలో రెండవ ప్రశ్న కట్నం. ఊళ్ళో ఎవరైనా 'మీరెవరు?' అని అడిగితే పేరు చెప్పమని కాదు, కులం చెప్పమని. ఇంతటి ముఖ్యమైన సమాచారాన్ని కథ దాచిపెడుతుంది, పాఠకుడు దాచిపెట్టనిస్తాడు.

నిజానికి దాచడం కూడా పూర్తిగా జరగదు. తండ్రిని సంబోధించే తీరు, వంటింట్లో ఏమి ఉడుకుతున్నది, పండుగపూట ఏ దేవుని ఎదుట దీపం వెలిగింది, బామ్మ ఏ యాసలో మందలించింది – వీటన్నిటిలో కులం తొంగిచూస్తూనే ఉంటుంది. చాలాసార్లు అది అగ్రవర్ణ మధ్యతరగతి ఇల్లే. ఇద్దరిదీ ఒకే రకమైన ఇల్లు కావడం వల్ల అడ్డంకి లేదు, అడ్డంకి లేదు కనుక అపార్థాన్ని తెచ్చి పెట్టవలసి వచ్చింది. సాధారణంగా మనం దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటాం. రచయితకు అపార్థం మీద మోజు ఉన్నందువల్ల కులం రాలేదని అనుకుంటాం. కులం సమస్య కాని ఇద్దరినే ఎంచుకున్నందువల్ల అపార్థం అవసరమైంది.

ఈ ఎంపిక అత్యంత మనోహరంగా కనిపించేది బావామరదళ్ళ కథలలో. సెలవులకు ఊరు వచ్చిన బావ, నూతి దగ్గర మరదలు, మేనమామ ఇంటి అరుగు, ఒకరినొకరు ఏడిపించుకోవడం – తెలుగు కథలో ఇంత సహజంగా, ఇంత హాయిగా సాగే శృంగార సంభాషణ మరొక సందర్భంలో దొరకదు. ఇతర భాషల ప్రేమకథలను అనుకరించనక్కరలేని సొంత సంపద ఇది. ఈ కథలను చదివి ముచ్చటపడని విమర్శకుని నేను నమ్మను. కానీ ఇక్కడ జరుగుతున్నది ఏమిటి? పెద్దలు పిల్లలు పుట్టకముందే ఖాయం చేసిన సంబంధాన్ని, ఆస్తి బయటికి పోకుండా, కులం చెదరకుండా చేసుకున్న కట్టుదిట్టాన్ని, ఇద్దరు యువతీయువకుల స్వేచ్ఛాప్రణయంగా కథ మనకు అందిస్తున్నది. మేనరికం ఆజ్ఞ. అది ప్రేమలా చదువుకోవడానికి వీలుగా ఉంటుంది. మరదలు 'నేను బావను చేసుకోను' అని చెప్పిన కథ వస్తే, అందులో ఆమెకు మరొకరి మీద ఇష్టం ఉంటుంది, లేదా చివరకు మనసు మార్చుకుంటుంది. ఎవరి మీదా ఇష్టం లేకుండా, ఊరికే అక్కరలేదని చెప్పే హక్కు ఆమెకు అరుదుగా దక్కింది.

ఇది కేవలం సాహిత్య చర్చ కాదు. ప్రేమించి కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడు ఒకరు 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో హత్యకు గురయ్యారు. అటువంటి సమాజంలో ప్రేమకు ప్రధాన శత్రువు స్కూటరు మీద కనిపించిన పెద్దమ్మ కొడుకు అని వారం వారం చెప్పుకుంటూ వచ్చామంటే, ఆ మాటకు జవాబుదారీ ఉండాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇవే పత్రికలు కుల వివక్ష మీద, కట్నం మీద, కులాంతర వివాహాల మీద కథలు ప్రచురించలేదా అని. ప్రచురించాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. అయితే వాటిని ప్రేమకథలని ఎవరూ అనలేదు. ప్రేమలోకి కులం వస్తే దానిని దళిత కథ అన్నాం, ఆస్తి వస్తే అభ్యుదయ కథ అన్నాం, భర్త చేయి చేసుకుంటే స్త్రీవాద కథ అన్నాం. ఇవన్నీ తీసివేయగా మిగిలిన పిప్పికి ప్రేమకథ అని పేరు పెట్టి, అందులో రసం లేదని ఫిర్యాదు చేస్తున్నాం. పత్రికల శీర్షికలు ఎంత దోషం చేశాయో, విమర్శకుల వర్గీకరణ కూడా అంతే చేసింది. విశ్వవిద్యాలయాలలో వెలువడే సిద్ధాంత గ్రంథాల అధ్యాయ విభజనలో కూడా ఈ అరలే కనిపిస్తాయి.

5. చాసో చూపిన దారి

ఈ అరలను పగలగొట్టి చదవడానికి చాసో 'ఏలూరెళ్ళాలి' మంచి ఉదాహరణ. వృద్ధుడైన భర్త గల యువతి, ఆమెకు చేరువైన ఒక యువకుడు, ఏళ్ళ తరువాత వారిద్దరి పునస్సమాగమం. పైకి చూస్తే ఏ పత్రికకైనా సరిపోయే ఇతివృత్తమే. జ్ఞాపకం, అనుకోని కలయిక, ఇంకా చల్లారని ఆకర్షణ, అన్నీ ఉన్నాయి. కానీ ఆ యౌవనకాలపు చేరువలో ఆమెకు కలిగిన బిడ్డ వల్లనే భర్త ఆస్తి ఆమెకు దక్కిందన్న సంగతి బయటపడినప్పుడు, కథ అంతా వెనక్కి తిరిగి వెలుగుతుంది. ఆమె ప్రేమించిందా, లెక్క వేసిందా అన్న ప్రశ్నకు చాసో ఒకే సమాధానం ఇవ్వడు. రెండూ ఒకే మనిషిలో, ఒకే క్షణంలో ఉండగలవని చూపిస్తాడు. సంతానం లేని వితంతువుకు ఇంట్లో ఏ గతి పట్టేదో తెలిసిన పాఠకునికి ఆ లెక్క మీద అసహ్యం కలగదు.

గమనించవలసినది ఏమంటే, ఈ కథకూ కొసమెరుపు ఉన్నది. ఇదీ చిన్న కథే. పుటల సంఖ్య, ముగింపులోని మలుపు – వీటిని తప్పుపట్టడం ఎందుకు చాలదో ఈ ఒక్క కథ నిరూపిస్తుంది. అపార్థపు కథలో మలుపు వచ్చిన తరువాత వెనక్కి చూస్తే అంతా శూన్యమవుతుంది. అసలు ఏమీ జరగలేదని తేలుతుంది. చాసో కథలో మలుపు తరువాత వెనక్కి చూస్తే అప్పటిదాకా కనిపించనిది కనిపిస్తుంది.

6. అలక చేసిన మేలు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి పత్రికల ప్రేమకథ వట్టి మోసమని అనుకోనక్కరలేదు. 1960లు, 70లలో ఈ కథలు చదివిన గృహిణులు, కాలేజీ అమ్మాయిలు అమాయకులు కారు. పెళ్ళిచూపులలో తలవంచుకుని కూర్చుని, ఎదుటివాని జవాబు కోసం ఎదురుచూడవలసిన అమ్మాయికి, ఒక పురుషుడు వచ్చి తన ప్రవర్తనకు సంజాయిషీ చెప్పుకునే దృశ్యం ఎంత కొత్తగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. అపార్థపు కథలో నాయికకు కోపగించే హక్కు ఉన్నది, తలుపు వేసుకునే హక్కు ఉన్నది. నాయకుడు బతిమాలాలి. పేరుకు అలకే అయినా, అది నిరాకరణకు తొలి అభ్యాసం.

యద్దనపూడి సులోచనారాణి నవల 'సెక్రటరీ' లోని జయంతి పాఠకుల మనసులో అంతకాలం నిలవడానికి రాజశేఖరం కారు, హోదాలే కారణమనడం పొరపాటు. ఉద్యోగం చేసుకునే ఆడపిల్ల తన ఆత్మాభిమానాన్ని అడ్డంకిగా నిలబెట్టగలిగింది. నవల విస్తృతిలో ఆ ఆత్మాభిమానానికి ఒక జీవితం, ఒక జీతం తోడున్నాయి. నాలుగు పుటల కథకులు ఆ నాయకుని ఎత్తును, కారును తెచ్చుకున్నారు గాని జీతాన్ని వదిలేశారు. అందువల్ల ఆత్మాభిమానం కాస్తా అలకగా కుదించుకుపోయింది.

అమెరికాలో జానిస్ రాడ్‌వే 1984లో ప్రకటించిన గ్రంథంలో, ప్రణయ నవలలు చదివే గృహిణులతో మాట్లాడి, పుస్తకంలోని కథకన్నా పుస్తకం పట్టుకుని కూర్చునే ఆ గంటే వారికి ముఖ్యమని గుర్తించారు. ఇంటిచాకిరీ మధ్య అది తమకంటూ దక్కించుకున్న సమయం. అద్దె పుస్తకాల దుకాణాల కాలం నాటి తెలుగు లోగిళ్ళకూ ఈ పరిశీలన వర్తిస్తుంది. అయితే చదివే గంట విలువైనదైనంత మాత్రాన చదివిన కథ విలువైనదైపోదు. పాఠకురాలిని గౌరవించడం వేరు, ఆమెకు వడ్డించినదాన్ని పరీక్షించకుండా వదిలేయడం వేరు.

పెళ్ళి తరువాతి ప్రేమకు మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథలు ఒరవడి పెట్టాయి. అక్కడ దంపతుల సరసానికి బడిపంతులు జీతం, బంధువుల రాకపోకలు, పిల్లల అల్లరి నేపథ్యంగా ఉంటాయి. కాంతం మాటకు పదును అక్కడి నుండే వచ్చింది. తరువాత స్వాతి వంటి పత్రికలలో 'సరసమైన కథ' ఒక ప్రత్యేక శీర్షికగా స్థిరపడినప్పుడు సరసం మిగిలింది, సంసారం తగ్గింది. పడకగది ఉంటుంది గాని నెలాఖరు ఉండదు. వీటిలో సంభాషణ చురుకుగా నడిపిన రచయితలు ఉన్నారు, వారి నేర్పును కాదనలేము. వాటిని గురించి ఇంతకన్నా చెప్పవలసినది లేదు.

7. పుటల పరిమితి తొలగిన తరువాత

అపార్థానికి మూలం పత్రికలోని చోటు కొరతే అన్న వాదనను పరీక్షించే అవకాశం మన కాలానికి వచ్చింది. ముద్రిత పత్రికలు తగ్గిపోయాయి. 1978లో మొదలైన విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. ప్రేమకథ ప్రతిలిపి వంటి వేదికల మీదికి, చేతిలోని ఫోనులోకి తరలింది. అక్కడ పుటల పరిమితి లేదు. హామీపత్రం అడిగే సంపాదకుడు లేడు. 'సపరివార పత్రిక' అన్న మాటకు కట్టుబడనక్కరలేదు. వారపత్రిక ఇంటిల్లిపాదీ చదివేది. తండ్రి కొని తెచ్చిన పత్రికలో కూతురు కులాంతర ప్రేమను చదవడం గురించి సంపాదకులు సందేహించారంటే అర్థం చేసుకోవచ్చు. ఫోనును ఎవరికి వారు ఒంటరిగా చదువుకుంటారు. కొత్త రచయితలలో స్త్రీల సంఖ్య కూడా గణనీయమే.

ఈ పరిస్థితిలో అడ్డంకి మారి ఉండవలసింది. కొంత మారింది కూడా. విడాకులు తీసుకున్న నాయిక కనిపిస్తున్నది, వయసులో నాయకునికన్నా పెద్దదైన నాయిక కనిపిస్తున్నది. కానీ ఎక్కువమంది చదివే ధారావాహికలలో నాలుగు పుటలలో తీరిన అపార్థం ఇప్పుడు వంద భాగాలకు సాగింది. ప్రతి భాగం చివర ఒక కొసమెరుపు, తరువాతి భాగంలో దానికి సంజాయిషీ. నాయకుని స్కూటరు పోయి కంపెనీ వచ్చింది. మేనత్త కొడుకు ఇప్పటికీ మేనత్త కొడుకుగానే వస్తున్నాడు. నాయికకు ఇంగ్లీషు చదువు, హైదరాబాదులో ఫ్లాటు, బెంగళూరులో ఉద్యోగం ఉన్నాయి. ఆమె ఇంటిపేరు ఏమిటో మాత్రం నూరవ భాగం చదివినా తెలియదు.